ఒక పాత కీబోర్డూ, మా మావయ్య గీసిన బోర్డూ

మొన్నామధ్య మా టీంలో కొత్తగా చేరిన కుర్రాడొకడు నా సీటు దగ్గరికొచ్చి, "అన్నా, ఈ ఫైల్లో ప్రతి లైను చివరా ఒక టోపీ గుర్తూ, ఒక ఎం అక్షరం కనిపిస్తున్నాయి. ఇదేం దయ్యం?" అన్నాడు. విండోస్‌లో తయారైన ఫైలుని లినక్స్‌లో తెరిస్తే కనిపించే కంట్రోల్-ఎం అన్నమాట. దాన్ని చూసి విసుక్కోనివాళ్ళు మనలో ఎవరుంటారు? "డాస్ టు యూనిక్స్ కమాండు కొట్టు, పోతుంది" అనేసి నా పనిలో పడ్డాను. వాడు కదల్లేదు. "పోతుంది సరే, ఎం అక్షరమే ఎందుకు? ఎన్ ఎందుకు కాదు?" అన్నాడు.

మంచి ప్రశ్న. జవాబు నాకు తెలుసు. కాకపోతే అది నాలుగేళ్ళ ఇంజనీరింగులో నేర్చుకున్నది కాదు. బూర్గంపాడులో, గోదావరి వరద తీశాక, బురద కడుగుతూ నేర్చుకున్నది. వాడికి రెండు నిమిషాల్లో చెప్పి పంపేశాగానీ, మిగతా కథ అప్పట్నుంచీ బుర్రలో తిరుగుతూనే ఉంది. అందుకే ఈ సోదంతా :)

ముందు మా ఊరి సంగతి. ఖమ్మం వైపు నుంచి భద్రాచలం వెళ్ళినవాళ్ళకి తెలిసే ఉంటుంది. కొత్తగూడెం, పాల్వంచ దాటాక రోడ్డుకి అటూ ఇటూ అడవి మొదలవుతుంది. ఆ అడవి అయిపోయి సారపాక పేపరు మిల్లు కనిపించిందంటే ఇక గోదావరి వంతెన వచ్చేసినట్టే. ఆ వంతెన ఎక్కకుండా ఇవతలి ఒడ్డునే, కిన్నెరసాని గోదావరిలో కలిసే చోటికి దగ్గర్లో ఉంటుంది బూర్గంపాడు. మా అమ్మ పుట్టిల్లు. మా మావయ్యకి అక్కడ రేడియో, టీవీ రిపేరు షాపు ఉండేది.

మావయ్య ఐటీఐ చదివి, 1984లో హైదరాబాద్ ఈసీఐఎల్‌లో ఒక ఏడాది అప్రెంటిస్‌గా చేశాడు. మనలో చాలామందికి ఈసీఐఎల్ అంటే ఒక బస్టాపు పేరు, అంతే :) నాక్కూడా అంతే. కానీ 1967లో మొదలైన ఆ సంస్థ 1969లోనే టీడీసీ-12 అనే కంప్యూటర్ని తయారుచేసింది. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. పన్నెండు బిట్ల మెషీను. తర్వాత పదహారు బిట్ల టీడీసీ-316 వచ్చింది. మన తాతల తరం చూసిన ఈసీ టీవీ కూడా వాళ్ళదే. పక్కనున్న ఏఎస్ రావు నగర్‌కి ఆ పేరు ఆ సంస్థ తొలి అధిపతి అయ్యగారి సాంబశివరావు గారి వల్ల వచ్చింది. మనం హైటెక్ సిటీ కట్టాకే హైదరాబాదుకి కంప్యూటర్లు వచ్చాయనుకుంటాం గదా, అదంతా ఉత్తిదే.

అప్రెంటిస్ అయ్యాక మావయ్య ఊరికొచ్చేశాడు. తాతయ్య పోయారు, పొలం చూసుకునే దిక్కు లేదు. 1987లో దూరదర్శన్‌లో రామాయణం మొదలయ్యాక ఆయన షాపు ముందు జనం ఆగేది కాదట. రాముడి ఊరి పక్కన రాముడి సీరియల్ ఆగిపోతే ఊరుకుంటారా మరి! వెదురు గడకి యాంటెన్నా కట్టి, ఇంటికప్పు మీద నిలబడి తిప్పుతూ "వచ్చిందా?" అని అరవడం.. అది ఆయన యవ్వనం.

ఇక అసలు విషయానికి వస్తున్నా.

ఆ చుట్టుపక్కల ఒక ఆఫీసు ఉండేది. పేరెందుకులెండి. అక్కడ ఒక పెద్ద కంప్యూటరూ, దానికి ఆరు టెర్మినళ్ళూ ఉండేవట. టెర్మినల్ అంటే ఇప్పటి పిల్లలకి నల్లటి విండో. అప్పుడది వస్తువు. ఒక తెరా, ఒక కీబోర్డూ, వెనకాల ఒక వైరు. దానికి సొంత తెలివి ఉండదు. నొక్కిన అక్షరాన్ని పెద్ద మెషీనుకి పంపడం, అది పంపింది తెరమీద చూపించడం, అంతే దాని ఉద్యోగం. మన వేళ్ళకి అలవాటైనవి చాలా వాటినుంచే వచ్చాయి. వీఐ ఎడిటర్లో కర్సర్ని కదపడానికి హెచ్, జె, కె, ఎల్ ఎందుకు వాడతామో తెలుసా? దాన్ని రాసిన బిల్ జాయ్ వాడిన ఏడీఎం-3ఏ అనే టెర్మినల్ మీద బాణం గుర్తులు ఆ నాలుగు కీల మీదే ముద్రించి ఉండేవి. లియర్ సీగ్లర్ కంపెనీ 1976లో తెచ్చిన టెర్మినల్ అది. ఆ మెషీను పోయి దశాబ్దాలైంది, దాని కీబోర్డు మాత్రం మన వేళ్ళల్లో ఉండిపోయింది.

సరే, 1993లో ఆ ఆఫీసులో ఒక టెర్మినల్ కీబోర్డు చచ్చిపోయింది. లోపల ఏ కీ నొక్కారో కనిపెట్టి కోడుగా మార్చే చిప్పు కాలిపోయింది. పట్నం నుంచి వచ్చిన మనిషి ఆ చిప్పు ఇక దొరకదు, కొత్త టెర్మినల్ కొనుక్కోండి అని చెప్పి వెళ్ళిపోయాడు. అప్పుడు ఎవరో మావయ్యని పిలిచారు. ఆయన మూడు వారాలు కూర్చుని ఆ చిప్పు చేసే పనిని తన చేత్తో గీసిన బోర్డు మీద చేయించాడు. ఆఫీసువాళ్ళు నాలుగొందలు ఇచ్చారు. ఏడాది తిరక్కుండానే పీసీలు వచ్చాయి, టెర్మినళ్ళని తుక్కు కింద అమ్మేశారు. మావయ్య ఆ తుక్కు కొన్నవాడి దగ్గరికి వెళ్ళి, తను బాగుచేసిన కీబోర్డుని తనే కిలో లెక్కన కొనుక్కుని తెచ్చుకున్నాడు. ఈ ముక్క మా అత్తయ్య చెప్తే తెలిసింది. ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

ఇక్కడ నా గురించి ఒక సిగ్గుమాలిన విషయం చెప్పాలి. 2018లో నా ఫైనలియర్ ప్రాజెక్టు అమీర్‌పేటలో కొన్నదే. బోర్డూ, రిపోర్టూ, పీపీటీ అన్నీ కలిపి ఒక ప్యాకేజీ. మా బ్యాచిలో సగం మంది అలాగే కొన్నారు కాబట్టి అప్పుడు తప్పనిపించలేదు. సంక్రాంతికి దాన్ని గొప్పగా బూర్గంపాడు తీసుకెళ్ళి మావయ్యకి చూపించా. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, బోర్డుని వెలుతురుకి పెట్టి చూసి, ఒక గీత మీద వేలు పెట్టి "ఇది ఎటు పోతుందిరా అల్లుడూ?" అని అడిగాడు. నేను నీళ్ళు నమిలా. ఆయన ఇంకోసారి అడగలేదు. బోర్డు నా చేతికిచ్చి, "బాగుంది" అని లేచి లోపలికి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

ఆ మరుసటేడు షాపు మూసేశాడు. కుడిచెయ్యి వణకడం మొదలైంది. సోల్డరింగు చేసే చెయ్యి వణికితే ఇంకేముంది.

2022 జులైలో వరదొచ్చింది. భద్రాచలం దగ్గర గోదావరి నలభై మూడు అడుగులు దాటితే మొదటి హెచ్చరిక, యాభై మూడు దాటితే మూడోది. జులై 16న 71.3 అడుగులకి చేరింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత నీళ్ళు రావడం అదే. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. నేను హైదరాబాదులో ఫోను పట్టుకుని కూర్చున్నా. మావయ్యా, అత్తయ్యా అప్పటికే ముందు జాగ్రత్తగా కొత్తగూడెం వెళ్ళిపోయారు కాబట్టి ప్రాణాలకేం కాలేదు. ఇల్లు మాత్రం మునిగింది.

నీళ్ళు తీశాక వెళ్ళా. వరద నీళ్ళు ఎలాగోలా పోతాయిగానీ, అది వదిలిపోయే ఒండ్రు ఉంది చూశారూ.. బియ్యం డబ్బాలో, బీరువాలో, దేవుడి పటాల వెనక, అన్నిచోట్లా అదే. నేను పార పట్టుకుని తోస్తుంటే, అటక మీదనుంచి జారిపడ్డ ఒక రేకు పెట్టె దొరికింది. అందులో ఈ కీబోర్డు. మట్టి ఇటుకలా ఉంది. మావయ్య చూసి, "అవతల పారేయ్‌రా, దాంతో ఏం పని" అన్నాడు. ఆ మాట అన్నాక కూడా దానివంకే చూస్తూ నిలబడ్డాడు. నేను దాన్ని కుప్పలో వేయకుండా పంపు కిందకి తీసుకెళ్ళా.

మూత తీసి, పాత టూత్‌బ్రష్షుతో కడుగుతుంటే రెండు బోర్డులు బయటపడ్డాయి. ఒకటి కంపెనీది, కీలన్నీ బిగించి ఉన్న పెద్ద బోర్డు. దాని మీద గీతలు మన ఇప్పటి బోర్డుల్లోలా నిట్టనిలువుగానో, నలభై అయిదు డిగ్రీలకో విరగలేదు. ఏటి పాయల్లా వంపులు తిరుగుతూ పోయాయి. ఎందుకని మావయ్యని అడిగితే ఆ పని ఎలా చేసేవారో చెప్పాడు. అప్పట్లో ప్రపంచమంతా ఇదే పద్ధతి. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటు మీద, అసలు సైజుకి రెండింతలో నాలుగింతలో పెద్దగా, నల్లటి సన్నని టేపుని చేత్తో అంటించుకుంటూ పోయేవారు. కాళ్ళు దిగే చోట గుండ్రటి స్టిక్కర్లు. తర్వాత దాన్ని ఫోటో తీసి అసలు సైజుకి తగ్గించేవారు. టేపు కాబట్టి ఎటు కావాలంటే అటు వంగుతుంది, అందుకే ఆ వంపులు. ఒక గీత ఇంకోదాన్ని దాటాలంటే మొత్తం దారి మళ్ళీ ఆలోచించుకోవాలి. అన్‌డూ లేదు. బ్లేడుతో పీకి మళ్ళీ అంటించడమే.

రెండోది మావయ్య బోర్డు. రాగి పూత ఉన్న హైలం షీటు. దానికి టేపూ లేదు, ఫోటో లేదు. గ్రాఫు కాగితం మీద ముందు గీసుకుని, సన్నటి కుంచెతో నల్ల ఎనామిల్ పెయింటు పూశాడు. ఫెర్రిక్ క్లోరైడ్ కలిపిన నీళ్ళలో పడేస్తే పెయింటు లేనిచోట రాగి కరిగిపోతుంది, ఉన్నచోట మిగులుతుంది. థిన్నరుతో పెయింటు తుడిచేస్తే కింద రాగి గీతలు. చిప్పులన్నీ హైదరాబాద్ కోఠీలో, గుజరాతీ గల్లీలో కొన్నవి. ఒక 555, రెండు 7493లు, ఒక 74154, ఒక 74151, ఇంకొన్ని చిల్లర గేట్లు.

అది పనిచేసే తీరు తెలిశాక నాకు నిజంగా మతిపోయింది. కాస్త ఓపిక పట్టండి, చెప్తా. 555 టిక్ టిక్ మంటూ ఉంటుంది. 7493లు రెండూ కలిసి ఆ టిక్కుల్ని సున్నా నుంచి 127 దాకా లెక్కపెట్టి మళ్ళీ మొదటికొస్తాయి. ఆ లెక్కలో పై నాలుగు బిట్లు పదహారు నిలువు తీగల్లో ఒకదాన్ని ఎంచుకుంటాయి. కింది మూడు బిట్లు ఎనిమిది అడ్డం తీగల్లో ఒకదాన్ని. పదహారు ఎనిమిదులు 128. ఏ కీ అయినా నొక్కి ఉంటే, లెక్క ఆ గడికి రాగానే ఆగిపోతుంది. ఇప్పుడు అసలు కిటుకు. ఆస్కీలో ఏ అక్షరం కోడు 65. మావయ్య ఏ కీని ఎనిమిదో నిలువు, ఒకటో అడ్డం గడిలో కలిపాడు. ఎనిమిదెనిమిదులు అరవై నాలుగు, ఒకటి కలిపితే 65. అంటే లెక్క ఆగిన చోట ఉన్న నంబరే అక్షరం కోడు! మార్చే పనే లేదు. పట్టిక లేదు, మెమరీ లేదు, ప్రోగ్రాము లేదు. దానికోసం ఆయన పాత బోర్డు గీతల్ని బ్లేడుతో తెంపి, ప్రతి కీకి విడిగా సన్నటి వైర్లు లాగాడు. మూడు వారాలు అందుకే పట్టింది.

షిఫ్టూ, కంట్రోలూ అంటే ప్రోగ్రాములో ఏదో ఇఫ్ కండిషన్ అనుకునేవాణ్ణి. కాదు. అవి గేట్లు. 2 అంకె కోడు 50, డబుల్ కోట్ కోడు 34. తేడా 16, అంటే ఒకే ఒక్క బిట్టు. షిఫ్టు నొక్కితే ఆ బిట్టు తిరగబడుతుంది. ఆ కాలం కీబోర్డులు చాలావాటి మీద 2 నెత్తిన డబుల్ కోట్ ఉండేది అందుకే. కంట్రోల్ నొక్కితే పై రెండు బిట్లు సున్నా అవుతాయి. ఎం కోడు 77. పై బిట్టు పోతే అరవై నాలుగు తగ్గి 13 అవుతుంది. 13 అంటే క్యారేజ్ రిటర్న్, ఎంటర్. అదీ కంట్రోల్-ఎం కథ. మా కుర్రాడికి నేను చెప్పింది ఇదే.

ఆ వారంలో నేను చేసింది శుభ్రం చేసి ఆరబెట్టడం మాత్రమే. దసరాకి మళ్ళీ వెళ్ళినప్పుడు ఒక ఆర్డ్వినో పట్టుకెళ్ళి, కీబోర్డు నుంచి వచ్చే ఏడు వైర్లని దానికి కలిపి, ల్యాప్‌టాప్‌లో సీరియల్ విండో తెరిచా. ఏ కొట్టా. సి పడింది. డి కొట్టా. ఎఫ్ పడింది. బి కొడితే మాత్రం బి పడింది. వాకిట్లో మంచం మీద పడుకుని ఉన్న మావయ్యకి వినపడేలా గొణుక్కుంటున్నా. ఆయన కళ్ళు తెరవకుండానే, "కింద నుంచి రెండో బిట్టు. బయటికి పోయే చిప్పు దగ్గర గీత తెగి ఉంటుంది చూడు" అన్నాడు.

చూస్తే నిజంగానే అక్కడ రాగి తినేసి ఉంది, వెంట్రుకంత. ఆ రకం చిప్పుకి ఇన్‌పుట్ గాల్లో వేలాడితే దాన్ని ఒకటి అనే అనుకుంటుంది. కాబట్టి రెండో బిట్టు ఎప్పుడూ ఒకటే. ఏ కోడు 65కి రెండు కలిసి 67, అంటే సి. బి కోడు 66లో ఆ బిట్టు ముందే ఒకటి, కాబట్టి తేడా లేదు. నేను ప్రొడక్షన్ లాగుల్లో రోజుల తరబడి వెతికే రకం. ఈయన పడుకుని చెప్పాడు, ముప్పయ్యేళ్ళ కింద గీసిన గీత గురించి.

గీతకి తీగముక్క అతికిస్తూ చూస్తే ఇంకో రెండు సంగతులు కనిపించాయి. ఒకటి, చిప్పులన్నీ బోర్డుకి ఒకవైపు ఉంటే 74154 ఒక్కటే వెనకవైపు, రాగి మీదే అతికించి ఉంది. పక్కన తెల్ల పెయింటుతో "తిరగేసి పెట్టాను, ఇటే ఉండాలి" అని తెలుగులో రాసుంది. అడిగితే నవ్వాడు. "రాగి వైపు అద్దంలో చూసినట్టు గీయాలి గదరా. అదొక్కటి మర్చిపోయి మామూలుగా గీశా. కరిగించాక గానీ తెలవలేదు. ఇంకో షీటు కొనడానికి డబ్బుల్లేవు. బోర్డు మారదు కాబట్టి చిప్పునే తిప్పా." రెండోది, గీతల పక్కన చిన్న చిన్న తెలుగు అక్షరాలు. పెయింటుతో రాస్తే అక్కడ రాగి మిగులుతుంది గదా, ఆ రాగి అక్షరాలే. "నిలువు", "అడ్డం", "లెక్క", "ఇక్కడ ఆగుతుంది".

రాగిలో రాసిన కామెంట్లు!

"ఇవన్నీ ఎందుకు రాశావు మావయ్యా? ఆఫీసువాళ్ళు మూత తీసి చూస్తారా?" అన్నా.

"వాళ్ళెందుకు చూస్తార్రా. నేనే మళ్ళీ తెరవాల్సొస్తదనుకున్నా. నేను కాకపోతే ఎవడో ఒకడు తెరుస్తాడు. వాడు నన్ను తిట్టుకోకూడదు గదా."

ఆ ఎవడో ఒకణ్ణి నేనే అయ్యా.

నాకు వెంటనే గుర్తొచ్చింది మరొకటి. అంతకు కొన్ని నెలల ముందు పాత కంపెనీ స్నేహితుడొకడు రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. "ఒరే, నువ్వు రాసిన బిల్లింగు మాడ్యూల్లో ఈ కండిషన్ ఎందుకు పెట్టావురా? తీసేస్తే ఏదో పగులుతోంది, ఉంచితే ఇంకేదో పగులుతోంది." నాకు గుర్తులేదు. రెండేళ్ళు కూడా కాలేదు, నా చేత్తో నేను టైపు చేసింది, ఎందుకో నాకే తెలీదు. "చూసుకోరా, ఏదో కారణం ఉండే ఉంటుంది" అని నవ్వి పెట్టేశా. అవతల వాడు ఆ రాత్రి నన్ను తిట్టుకునే ఉంటాడు.

చేత్తో గీసిందల్లా గొప్పదని నేను అనడం లేదండోయ్. మీ ఫోన్లో ఉన్న పొరలు పొరల బోర్డుని ఏ మావయ్యా కుంచెతో గీయలేడు. సాఫ్ట్‌వేరు గీస్తేనే అది సాధ్యం. కోడు కూడా ఇప్పుడు సగం మెషీనే రాసిస్తోంది, నేనూ రాయించుకుంటున్నా. పని తేలికవడం తప్పు కాదు. నా బాధల్లా ఆ సంక్రాంతి నాటి ప్రశ్నతోనే. "ఇది ఎటు పోతుందిరా అల్లుడూ?" గీసింది ఎవరైనా, ఏదైనా, ఆ వేలు పెట్టినచోట జవాబు చెప్పగలగాలి గదా. కొన్న బోర్డుకి నేను చెప్పలేకపోయా. నేనే రాసిన కోడుకి కూడా చెప్పలేకపోయా. మావయ్య ముప్పయ్యేళ్ళ తర్వాత, కళ్ళు మూసుకుని చెప్పాడు. ఆయన తప్పు కూడా దాచలేదు, దాని పక్కనే తెల్ల పెయింటుతో రాసిపెట్టాడు. మనం తప్పు కప్పెట్టడానికి ఒక ఇఫ్ కండిషన్ పెట్టి, కమిట్ మెసేజీలో "మైనర్ ఫిక్స్" అని రాస్తాం.

ఆ సాయంత్రం గీత అతికించాక అక్షరాలన్నీ సరిగ్గా పడ్డాయి. మావయ్యని పిలిచి కూర్చోబెట్టా. పేరు కొట్టుకుంటాడేమో అనుకున్నా. ఆయన వణుకుతున్న చేత్తో ఒక్కో కీనే తడిమి, ఎడమచేత్తో కంట్రోల్ పట్టుకుని, జీ నొక్కాడు. కంట్రోల్-జీ అంటే 7. పాత టెర్మినళ్ళలో గంట. నా ల్యాప్‌టాప్ టింగ్ మంది.

"ఇంకా మోగుతుందే!" అన్నాడు. ఇంకోసారి నొక్కాడు. తర్వాత ఇంకోసారి. అత్తయ్య లోపల్నుంచి "ఏందా గోల" అని అరిచేదాకా నొక్కుతూనే ఉన్నాడు.

హైదరాబాద్ తిరిగొచ్చాక చేసిన మొదటి పని, ఆ స్నేహితుడికి ఫోన్ చేసి, ఒక శనివారం మొత్తం వాడితో కూర్చుని ఆ కండిషన్ ఎందుకు పెట్టానో తవ్వి తీయడం. దొరికింది. నా పొరపాటే. దాని పైన నాలుగు లైన్లు కామెంటు రాయించా, నా పేరుతో సహా.

కీబోర్డు ఇప్పుడు బూర్గంపాడులోనే, ఈసారి ఇంకాస్త ఎత్తైన అటక మీద ఉంది. మీ ఇళ్ళల్లో కూడా అటకల మీద ఇలాంటివి ఏవో ఉండే ఉంటాయి. రేడియోనో, స్టెబిలైజరో, ఎవరో బాబాయి సొంతంగా చేసుకున్న యాంప్లిఫయరో. పాతసామాన్లవాడికి వేసేముందు ఒక్కసారి మూత తీసి చూడండి. గీసిన మనిషి ఇంకా ఉంటే, ఒక గీత మీద వేలు పెట్టి ఇది ఎటు పోతుందని అడగండి.